సున్నల ఎంతమంది

మిర్యాలగూడ బస్టాండు ఎదురుంగ, మెట్ల కింది దుకాణంల
టైపింగు పేజీకి పద్దెనిమిది రూపాయలు.
ఇద్రీస్ సారు చేతిరాత నాకొక్కదానికే తెలుస్తది:
ఆయన 'ఘ' కొక్కెం లెక్కుంటది, 'ద'కు కడుపుండదు.
ఈసారి తెచ్చింది భాషల సంగతి.
నలభై ఒకటో పేజీ కాడ నా వేళ్లు ఆగినయ్.

ఎక్కడ్నో దక్షిణ సముద్రంల ఒక దీవి ఉందట.
ఆడ క్రియ ఒంటరిగ గడప దాటదట.
మనుషులు ముందల నిలబడ్తరు, పని వాళ్ల ఎనుక వస్తది.
ఇద్దరైతే ఇద్దరి గుర్తు,
ముగ్గురు నలుగురైతే ఇంకో గుర్తు,
ఊరంత కదిలితే ఊరి గుర్తు.
వినేటోడు ఆ గుంపుల ఉన్నడా లేడా,
అదిగూడ ముందే.
నోరు తెరువంగనే తలలు లెక్కైపోతయ్.

మనకేమో పని ముందు నడుస్తది.
నాటినం. కోసినం. తిన్నం. పోయినం.
మనుషులందరు ఆఖర్న
ఒక్క సున్నల ఇరుక్కొని కూసుంటరు
ట్రాలీ ఆటోల కూసున్నట్టు.
మనం, మేము అని రెండు మాటలున్నయ్, అబద్ధమాడొద్దు.
కానీ తెల్లారగట్ల అంత పొడుగు ఎవరు మాట్లాడ్తరు?
రెండూ ఎగిరిపోతయ్, సున్న ఒక్కటి మిగుల్తది.

డిగ్రీ రెండో ఏడు ఫీజు కట్టలేక ఆగిన వానాకాలం
అమ్మ ముఠాల దిగిన.
పదకొండు మంది. సైదమ్మత్త పెద్ద.
ఎడమ కాల్వకు నీళ్లిడిసిన వారం,
పొద్దుగూకినంక ఫోన్ల ఆమె గొంతు:
"రేపు వేములపల్లి దిక్కు పోతం."
పోతం.
ఆ సున్నల నేనున్ననా?
అడుగుదామంటే అమ్మ అప్పటికే గురక.
రాత్రంత ఆ మాటను తిప్పి తిప్పి చూసిన,
గాజుల దుకాణంల గాజు చేతికి పడ్తదా అని చూసినట్టు.

నాలుగింటికి ఆటో ఆగింది, ఇంజను ఆపలే.
సద్దిగిన్నె పట్టుకొని వాకిట్ల నిలబడ్డ.
సైదమ్మత్త జరిగి జానెడు జాగ చూపెట్టింది,
"ఏం జూస్తవే, పోదాం."
'త' కాడ 'దా' పడ్డది. అంతే. ఎక్కిన.

సాయంత్రం గుత్త పైసలు గట్టు మీద పంచినరు.
నాకు ముప్పావు. నా సాళ్లు వంకర, నా నడుము కొత్త.
"పంచుకున్నం పో" అన్నది జాన్‌బీ, కొంగుకు ముడేస్తూ.
సున్నను ముప్పావుగ రాయొస్తదా?

తర్వాత బెంగాల్ దిక్కెల్లి మొగోళ్ల ముఠాలు దిగినయ్,
తాడు పట్టుకొని, గంటల్ల ఎకరాలు.
వాళ్లు గూడ వాళ్ల భాషల ఏదో 'మేము' అనుకుంటనే నాటుతరు.
జాన్‌బీ రైసుమిల్లు ఊడ్వబోయింది.
మంగ్లి పట్నంల ఎవరో అపార్టుమెంటు మెట్లు తుడుస్తున్నది.
సుగుణక్క పోయింది, అది మళ్లొచ్చే పోవుడు గాదు.
ఐదుగురైరి. ఇద్దరైరి.
ఆ దీవిలైతే
ఒక్కొక్కరు రాలినకొద్దీ క్రియ ముందటి గుర్తు మారేది,
వినంగనే ఎవరో ఒకరు అడుగుదురు: మిగతోళ్లేరి?
మన సున్న అట్లనే ఉంటది.
పదకొండు మందికి ఎంత గుండ్రమో ఇద్దరికీ అంతే.

నిన్న సారు ప్రూఫు దిద్దిచ్చిండు.
నలభై ఒకటో పేజీల ఎర్ర సిరా:
'నాటిన' కాదమ్మా, 'నాటినం'. సున్న జారిపోయింది.
జారితే నేను ఒక్కదాన్నే మిగుల్త.
పెట్టిన.

రాత్రి అమ్మ ఒంటరిగ వచ్చింది.
సైదమ్మత్తకు మోకాలు వాచి మూడు రోజులు.
కాళ్ల బురద కడుక్కుంటుంటే అడిగిన,
ఇయ్యాల ఏం జేసినవే అని.
"నారు పీకినం" అన్నది.
ఎవరెవరు?
చెంబు బోర్లిచ్చి
బియ్యం చాట అందుకున్నది.